రోల్‌ప్లే పేరుతో డైలాగులు అప్పజెబుతున్నారు, నిజంగా మాట్లాడించేదెలా?

బోర్డు_డస్టర్ అడిగినది:

ఎనిమిదో తరగతి, 41 మంది. స్పోకెన్ ఇంగ్లిష్‌కి వారానికి రెండు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు. బెంచీలు నేలకి బిగించి ఉన్నాయి, గుండ్రంగా కూర్చోబెట్టడం కుదరదు. ప్రొజెక్టరు లేదు, జిరాక్స్ మాత్రం తీయించుకోవచ్చు.

రోల్‌ప్లే ఇప్పుడు జరుగుతున్న తీరు ఇది: పది పన్నెండు లైన్ల సంభాషణ రాసివ్వడం, పిల్లలు ఇంటి దగ్గర బట్టీ కొట్టుకు రావడం, మర్నాడు ఇద్దరిద్దరు బోర్డు ముందు నిలబడి అప్పజెప్పడం. ఒక లైను మర్చిపోతే అక్కడితో ఆగిపోతుంది. ముందు బెంచీవాళ్లు మెల్లగా అందిస్తే మళ్లీ కదులుతుంది. అదే సంభాషణలో ఒక్క ప్రశ్న మార్చి అడిగితే నోరు విప్పరు.

పోనీ అని కాగితం తీసేసి "మీ అంతట మీరే మాట్లాడుకోండి" అంటే అరనిమిషంలో అయిపోతుంది, లేదా తెలుగులోకి దిగిపోతారు. బాగా వచ్చిన నలుగురైదుగురికి తప్ప మిగతావాళ్లకి ఒరిగేదేమీ కనిపించడం లేదు.

రాసిచ్చిన సంభాషణ లేకుండా ఎలా మొదలుపెట్టాలి? 41 మందినీ ఒకే పీరియడ్లో ఎలా మాట్లాడించాలి? తప్పులు ఎప్పుడు దిద్దాలి? తెలుగు వాడితే ఏం చేయాలి? తరగతిలో చేయిస్తున్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

---

కార్డుల_పెట్టె:

డస్టర్ గారూ, బోర్డు ముందుకి పిలవడం ముందు ఆపేయండి. లెక్క వేసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. 20 జంటలు, జంటకి 2 నిమిషాలు అనుకున్నా పీరియడ్ మొత్తం అయిపోతుంది. అందులో ఒక్కో పిల్లవాడు నోరు తెరిచేది ఒక్క నిమిషం. మిగతా 39 నిమిషాలూ కూర్చుని దిక్కులు చూడటమే. అన్ని జంటలూ ఒకేసారి మాట్లాడితే, విడతకి 4 నిమిషాల చొప్పున రెండు విడతలు, ఆఖర్న ఒక 3 నిమిషాల విడత పెట్టినా 11 నిమిషాలు. అందులో సగం ఒక్కొక్కరిది. అంటే నిమిషం కాస్తా అయిదున్నర నిమిషాలవుతుంది.

ఇక రాసిచ్చిన సంభాషణ సంగతి. అవతలివాడు ఏం చెబుతాడో ముందే తెలిసినప్పుడు వినాల్సిన పని లేదు. వినకపోతే జవాబు వెతుక్కోవాల్సిన పనీ లేదు. మిగిలేది జ్ఞాపకశక్తి పరీక్ష. కాగితం తీసేసినా మాట సాగకపోవడానికి కారణం వేరే. "నువ్వు డాక్టరు, నువ్వు పేషెంటు" అంటే వాళ్లకి పాత్ర దొరికింది గానీ పని దొరకలేదు. ఒకరికి తెలిసినది ఇంకొకరికి తెలియకూడదు, తెలుసుకుంటే తప్ప పని కాకూడదు. ఈ రెండూ కుదిరితే మాట దానంతటదే సాగుతుంది. భాషాబోధనలో దీన్ని ఇన్ఫర్మేషన్ గ్యాప్ అంటారు.

ఒక జత కార్డులు పూర్తిగా ఇస్తున్నాను, వాడి చూడండి.

తెల్ల కార్డు: నువ్వు బస్సులో బ్యాగు మర్చిపోయావు. బస్ స్టేషన్లో దొరికిన వస్తువుల కౌంటరుకి వచ్చావు. బ్యాగు ఈ రోజే కావాలి, రేపు పరీక్ష ఉంది. బ్యాగు: నీలం. బస్సు: 12. టైము: ఉదయం 8:30. లోపల: లెక్కల నోటుబుక్కు, గొడుగు, కళ్లజోడు. పక్క జేబులో: గుర్తింపు కార్డు. నియమం: అడిగినదానికే జవాబు చెప్పు, అన్నీ ఒకేసారి చెప్పకు.

పసుపు కార్డు: నువ్వు కౌంటర్లో ఉద్యోగివి. ఈ రోజు మూడు బ్యాగులు దొరికాయి, మూడూ నీలమే. ఒకటోది: బస్సు 12, ఉదయం, లోపల గొడుగు, నీళ్ల సీసా, నోటుబుక్కు. రెండోది: బస్సు 12, ఉదయం, లోపల గొడుగు, కళ్లజోడు, నోటుబుక్కు, పక్క జేబు తెరిచి చూడలేదు. మూడోది: బస్సు 21, ఉదయం, లోపల కళ్లజోడు, నోటుబుక్కు. నియమాలు: లోపల ఏముందో నువ్వు చెప్పకూడదు, అడిగి తెలుసుకోవాలి. గుర్తింపు కార్డు చూడకుండా బ్యాగు ఇవ్వకూడదు.

ఇందులో కిటుకు గమనించండి. రంగు అడిగితే ఏమీ తేలదు. బస్సు నంబరు అడిగితే మూడోది పోతుంది. గొడుగు ఉందన్నా ఒకటోదీ రెండోదీ విడిపోవు, కళ్లజోడు దాకా రావాలి. అంటే కౌంటరువాడు కనీసం మూడు నాలుగు ప్రశ్నలు వేయక తప్పదు. తీరా బ్యాగు తేలాక గుర్తింపు కార్డు అడుగుతాడు, అదేమో బ్యాగులోనే ఉంది! "కుడ్ యు ప్లీజ్ ఓపెన్ ద సైడ్ పాకెట్?" అనే వాక్యం తెల్ల కార్డు పిల్లవాడికి అక్కడ అవసరపడుతుంది. ఎవరూ రాసివ్వలేదు, వాడే వెతుక్కోవాలి. రోల్‌ప్లే అంతా ఆ నాలుగు సెకన్ల తడుములాట కోసమే. ఆ సమయంలో మాట అందించకండి.

"అడిగినదానికే జవాబు" అన్న నియమం తీసేస్తే మాత్రం అంతా పాడవుతుంది. తెల్ల కార్డువాడు మొదటి గుక్కలోనే జాబితా చదివేస్తాడు, కౌంటరువాడు "ఓకే, టేక్" అంటాడు. మీరన్న అరనిమిషం ముగింపు చాలాసార్లు ఇలాంటిదే.

తయారీ: ఏ4 కాగితంలో నాలుగో వంతు ఒక కార్డుకి చాలు. 20 తెల్లవి, 20 పసుపువి కావాలి కాబట్టి రంగుకి 5 కాగితాలు, మొత్తం 10. రంగు వేరుగా ఉండటం అలంకారానికి కాదు, ఎవరి చేతిలో ఏ కార్డుందో దూరం నుంచే మీకు తెలియాలి.

బెంచీలు కదలకపోయినా ఫర్వాలేదు. బేసి వరుసలకి తెల్లవి, సరి వరుసలకి పసుపువి ఇవ్వండి. ముందు నాలుగు నిమిషాలు ఒకే రంగువాళ్లు తమ వరుసలోనే కలిసి సిద్ధమవుతారు: ఏమేం అడగాలి, ఎలా అడగాలి. రహస్యం అవతలి వరుసకి పొక్కదు. తర్వాత బేసి వరుసవాళ్లు వెనక్కి తిరిగి కూర్చుంటే జంటలు సిద్ధం. రెండో విడతకి పసుపు వరుసలో అందరూ ఒక స్థానం కుడికి జరగాలి, చివరివాళ్లు లేచి మొదటి చోటికి రావాలి. జంటలు మారిపోయాయి, బెంచీ కదల్లేదు.

పీరియడ్ పంపకం: వాక్యాల సాధన 5 నిమిషాలు, మీరూ ఒక విద్యార్థీ కలిసి వేరే వస్తువుతో నమూనా చూపడం 3, వరుసల్లో తయారీ 4, మొదటి విడత 4, బోర్డు మీద తప్పొప్పులు 5, రెండో విడత 4, మూడోది 3, చివర బోర్డు 5. ఇది 33. మిగతా 7 నిమిషాలు హాజరుకీ, కార్డులు పంచి పోగుచేయడానికీ, జరగడానికీ పోతాయి. కచ్చితంగా పోతాయి, వాటిని వేరే దానికి లెక్క వేసుకోకండి.

సాధన చేయించే వాక్యాలు ఆరుకి మించొద్దు. ఈ కార్డులకైతే: "వాట్ కలర్ ఈజ్ ఇట్?", "వేర్ డిడ్ యు లీవ్ ఇట్?", "వాట్ వాజ్ ఇన్ ఇట్?", "కుడ్ యు చెక్, ప్లీజ్?", "ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ కాన్ట్", "కుడ్ యు సే దట్ అగెయిన్?" పదిహేను ఇస్తే మళ్లీ బట్టీకే పోతారు.

ఒకే రోల్‌ప్లేని రెండుసార్లు, మూడుసార్లు ఎందుకంటే, మొదటిసారి పిల్లవాడి బుర్రంతా "ఏం చెప్పాలి" అన్నదాని మీదే ఉంటుంది. రెండోసారి ఆ భారం తగ్గి "ఎలా చెప్పాలి" అన్నదానికి కాస్త చోటు దొరుకుతుంది. మూడో విడత సమయం తగ్గించడం కూడా కావాలనే. భాషాబోధన పరిశోధకుడు పాల్ నేషన్ 1989 నాటి వ్యాసంలో చర్చించిన 4/3/2 పద్ధతి ఇలాంటిదే: అదే విషయాన్ని ముగ్గురు వేర్వేరు శ్రోతలకి 4, 3, 2 నిమిషాల్లో చెప్పించడం. అది ఒక్కరే మాట్లాడేదానికి ఉద్దేశించింది. సంభాషణలో రెండు నిమిషాలకి తెస్తే ప్రశ్నలు మింగేస్తారు, అందుకే మూడు దగ్గర ఆపడం మంచిది.

పాత్రలు తారుమారు చేయించాలనిపిస్తుంది. అవే కార్డులతో చేయించకండి, గుట్టు అప్పటికే అందరికీ తెలుసు. మర్నాటికి గొడుగుతోనో గడియారంతోనో ఇంకో జత రాసి, అప్పుడు రంగులు మార్చండి.

---

తప్పొప్పుల_పట్టిక:

పైన చెప్పినవాటితో పేచీ లేదు. దిద్దడం గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, చాలా తరగతుల్లో రోల్‌ప్లే చచ్చేది అక్కడే.

మాట్లాడుతుండగా ఆపకూడదు. "ఐ లాస్టెడ్ మై బ్యాగ్" అన్నాడనుకోండి, అక్కడ ఆపి "లాస్ట్ అనాలి" అంటే ఆ క్షణం నుంచి వాడు కౌంటరు దగ్గర లేడు, పరీక్ష హాల్లో ఉన్నాడు. ఆపాల్సింది ఒక్క సందర్భంలోనే: ఇద్దరూ ఒకరినొకరు అర్థం చేసుకోలేక మాట పూర్తిగా తెగిపోయినప్పుడు.

చేతిలో ఒక కాగితం పెట్టుకుని వరుసల మధ్య తిరగండి. మధ్యలో గీత గీసి ఎడమ పక్క తప్పులు, కుడి పక్క బాగున్న వాక్యాలు. పేర్లు రాయొద్దు. విడత అయ్యాక బోర్డు మీద అయిదు వాక్యాలు రాయండి, మూడు తప్పువి, రెండు మంచివి, కలగలిపి. ఏది ఏదో చెప్పకండి. జంటలకి నిమిషం ఇచ్చి వాళ్లనే తేల్చమనండి. అయిదుకి మించితే రెండో విడతలో ఒక్కటీ గుర్తుండదు.

ఏ తప్పులు ఎంచుకోవాలన్నది అసలు ప్రశ్న. మన పిల్లల విషయంలో రోల్‌ప్లేలో పదే పదే బయటపడేవి ఇవి.

ప్రశ్న కట్టడం. "యు లెఫ్ట్ ఇట్ వేర్?", "వేర్ యు ఆర్ గోయింగ్?" తెలుగులో ప్రశ్నపదం క్రియ పక్కన ఎక్కడ పడితే అక్కడ ఇముడుతుంది, మిగతా వాక్యం కదలదు. ఇంగ్లిష్‌లో ప్రశ్నపదం ముందుకి వచ్చి, సహాయక క్రియ దాని పక్కకి దూకాలి. పాఠం చదివేటప్పుడు ఈ తప్పు కనపడదు, ఎందుకంటే ప్రశ్నలన్నీ టీచరే అడుగుతారు! పిల్లలకి ప్రశ్న అడిగే అవకాశం దొరికేది రోల్‌ప్లేలోనే. పక్కనే ఇంకోటి: "డిడ్ యు వెంట్". డిడ్ వచ్చాక క్రియ మామూలు రూపంలోకి రావాలన్నది రాతలో వచ్చినవాళ్లకి కూడా మాటలో జారిపోతుంది.

మర్యాద. తెలుగులో అది క్రియ చివరే కూర్చుంటుంది: ఇవ్వండి, చెప్పండి, చూడండి. ఇంగ్లిష్‌లో "గివ్" చివర తగిలించడానికి ఏమీ లేదు. దాంతో "గివ్ మై బ్యాగ్" అని, మహా అయితే ఒక "ప్లీజ్" చేర్చి ఊరుకుంటారు. పిల్లవాడు మర్యాదగానే అడుగుతున్నాననుకుంటాడు, వినేవాళ్లకి హుకుం లాగా ఉంటుంది. "కుడ్ యు", "కెన్ ఐ హ్యావ్", "వుడ్ ఇట్ బి ఓకే ఇఫ్" అనే మూడు మొదళ్లు సాధన చేయిస్తే చాలా వరకు తీరుతుంది.

ఉచ్చారణలో ప్రతిదాని వెంటా పడకండి. అవతలివాడికి అర్థం కాకుండా పోయేవి మాత్రం పట్టుకోండి. అన్నిటికన్నా ముందు 13–30, 14–40, 15–50 జతలు. థర్టీన్‌లో ఊనిక రెండో భాగం మీద, థర్టీలో మొదటి భాగం మీద. బస్సు నంబర్లు, టైములు ఉన్న కార్డుల్లో వీటిని కావాలని ఇరికిస్తే తప్పు బస్సు తేలుతుంది, అప్పుడు తేడా ఎందుకు ముఖ్యమో ఎవరూ చెప్పనక్కర్లేదు. మాట చివర అచ్చు చేర్చడం (బ్యాగు, బస్సు, బుక్కు) అర్థానికి అంత అడ్డు రాదు, మొదటి నెలల్లో వదిలేయవచ్చు.

---

నీలి_సిరా:

రెండు విషయాల్లో నా అభిప్రాయం వేరు.

ఒకటి, కార్డు భాష. కార్డుల_పెట్టె గారు పరిస్థితిని తెలుగులో రాశారు. మొదటి రెండు మూడు వారాలకి సరే. కానీ "పక్క జేబు తెరిచి చూడలేదు" అని తెలుగు వాక్యం ఇస్తే పిల్లవాడు దాన్ని మాటకి మాట అనువదించడానికి కుస్తీ పడతాడు. అలాగని మొత్తం ఇంగ్లిష్ వాక్యాల్లో రాస్తే కార్డు చూసి చదివేస్తాడు, మీరు వద్దనుకున్న డైలాగు మళ్లీ వచ్చినట్టే. మధ్యే మార్గం: పరిస్థితి, నియమాలు తెలుగులో రెండు మూడు లైన్లు, వివరాలన్నీ విడి మాటలుగా, అంకెలుగా, బొమ్మలుగా. బ్యాగు బొమ్మ గీసి పక్క జేబు మీద ప్రశ్నార్థకం పెడితే చాలు. బొమ్మని చదవలేరు కదా, మాటల్లో పెట్టుకోవాల్సిందే.

రెండు, దిద్దడం. ఆపకూడదన్నది ఒప్పుకుంటాను. కానీ ఆపకుండానే మాటల మధ్యలో సరిచేసే పద్ధతి ఉంది కదా. పిల్లవాడు "ఐ లాస్టెడ్" అంటే "ఓ, యు లాస్ట్ యువర్ బ్యాగ్?" అని సరైన రూపంలో తిరిగి అనడం. మీరు జంట పక్కనుంచి వెళ్తూ రెండో కౌంటరు ఉద్యోగిలా ఒక మాట వేసి పోవచ్చు. ఆట చెడదు.

తెలుగు వాడకం గురించి ఎవరూ చెప్పలేదు. "తెలుగు మాట్లాడితే జరిమానా" లాంటివి పెట్టకండి, మౌనం తప్ప ఏమీ రాదు. తెలుగు ఎక్కడ చొరబడుతుందో కాస్త చెవి పెట్టి వినండి. అది వాక్యం మధ్యలో కాదు, వాక్యానికి ముందు. "అంటే...", "అదీ...", "ఏంటంటే..." అని ఆలోచించుకుంటారు, ఆ మాట తెలుగైతే వెనకాల వచ్చే వాక్యమూ తెలుగే అవుతుంది. అందుకని ముందు ఆ ఊతపదాలని మార్చండి: "వెల్", "లెట్ మి సీ", "ఐ మీన్", "జస్ట్ ఎ మినిట్". బోర్డు మూలన ఈ నాలుగూ ఏడాది పొడవునా ఉండనివ్వండి. మాట తెలియనప్పుడు "ద థింగ్ యు యూజ్ ఫర్..." అని వర్ణించడం నేర్పండి. గొడుగుకి ఇంగ్లిష్ మాట గుర్తు రాకపోతే "ద థింగ్ యు యూజ్ ఇన్ ద రెయిన్" అన్నవాడికి పూర్తి మార్కులు ఇవ్వాలి. మాట తెలిసినవాడికన్నా వాడు చేసిన పని కష్టమైనది.

వరుసల్లో తయారయ్యే ఆ నాలుగు నిమిషాలు మాత్రం తెలుగులో మాట్లాడుకోనివ్వండి. ఏం అడగాలో తేల్చుకోవడం ఆలోచన పని, దాన్ని ఇంగ్లిష్‌లోనే చేయమంటే ఆలోచనే కురచవుతుంది.

---

తప్పొప్పుల_పట్టిక:

నీలి_సిరా గారూ, మీరు చెప్పిన పద్ధతి, అదే రీకాస్ట్, సున్నితంగా ఉంటుంది నిజమే. చిక్కేమిటంటే పిల్లవాడు దాన్ని దిద్దుబాటుగా గుర్తించడు. "ఓ, యు లాస్ట్ యువర్ బ్యాగ్?" అంటే వాడు "యెస్" అంటాడు. అడిగినది అర్థమైంది, జవాబు చెప్పాడు, అయిపోయింది. రాయ్ లిస్టర్, లైలా రాంటా అనే పరిశోధకులు 1997లో ప్రచురించిన పరిశీలన ఉంది, కెనడాలో ఫ్రెంచ్ మాధ్యమంలో చదివే ప్రాథమిక తరగతుల మీద. టీచర్లు ఎక్కువగా వాడింది రీకాస్టే, మొత్తం దిద్దుబాట్లలో 55 శాతం. పిల్లలు ఏదో ఒక రకంగా స్పందించింది మాత్రం అందులో 31 శాతానికే. సమాధానాన్ని వాళ్ల నోటితోనే రాబట్టే పద్ధతికి ప్రతిసారీ స్పందన వచ్చింది. వాళ్లు లెక్కపెట్టింది అప్పటికప్పటి స్పందనే గానీ తర్వాత ఎంత నేర్చుకున్నారన్నది కాదు, ఆ తేడా మర్చిపోకూడదు.

కాబట్టి మధ్యలో ఏదైనా చేయాల్సి వస్తే అర్థం కానట్టు ముఖం పెట్టి "సారీ, యు...?" అని వదిలేయండి. పాత్రలో ఉంటూనే చేయవచ్చు. కౌంటరు దగ్గర ఎవరైనా అలాగే అడుగుతారు. వాడే సరిచేసుకుంటాడు, లేదంటే బోర్డు దాకా ఆగండి.

కార్డుల మీద బొమ్మల సంగతి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

---

బోర్డు_డస్టర్:

అందరికీ ధన్యవాదాలండీ, బ్యాగు కార్డులు బొమ్మలతో తయారు చేస్తున్నాను. ఇంకొన్ని అనుమానాలు. 41 మందిలో ఒకరు మిగిలిపోతారు కదా, ఆ ఒక్కరినీ ఏం చేయాలి? 20 జంటలు ఒకేసారి మాట్లాడితే పక్క తరగతివాళ్లు ఫిర్యాదు చేస్తారేమో. అసలు నోరే మెదపని పిల్లలు ఆరేడుగురు ఉన్నారు. చివరగా, దీనికి మార్కులు వేయాల్సి వస్తే ఎలా? బట్టీ పద్ధతిలో లైన్లు లెక్కపెట్టి వేసేవాళ్లం.

---

కార్డుల_పెట్టె:

మిగిలినవారిని పరిశీలకుడిగా పెట్టండి, కానీ ఉత్తినే చూడమంటే విసుగు పుడుతుంది. ఒక చీటీ ఇవ్వండి, మూడే గళ్లు: ఎన్ని ప్రశ్నలు అడిగారు, ఎన్నిసార్లు తెలుగు వచ్చింది, వాళ్ల నోట విన్న ఒక మంచి వాక్యం. విడత విడతకీ పరిశీలకుడు మారాలి. నోరు మెదపని పిల్లలకి మొదటి వారం ఈ పని ఇస్తే వాళ్లకీ సుఖం. ఆట ఎలా సాగుతుందో ముందు చూస్తారు, తర్వాత దిగుతారు. రెండో వారం దాటి అదే పనిలో ఉంచకండి, అది శాశ్వత ఆశ్రయం అయిపోతుంది.

వాళ్లకి పాత్ర ఇచ్చేటప్పుడు మాటలు తక్కువున్నదీ, కానీ లేకపోతే పని జరగనిదీ ఇవ్వాలి. బ్యాగు కార్డుల్లో అది తెల్ల కార్డు. "బ్లూ", "నంబర్ ట్వెల్వ్", "ఎయిట్ థర్టీ" అని ఒక్కో మాటతో జవాబు చెప్పినా ఆట నడుస్తుంది, చివర్లో ఒక్క వాక్యం అడగాలి. బాగా మాట్లాడే పిల్లలకి పసుపు. బాగా వచ్చినవాడినీ బొత్తిగా రానివాడినీ జత చేయడం మంచిదనుకుంటారు గానీ, అంతరం మరీ ఎక్కువైతే మొదటివాడు ఇద్దరి తరఫునా మాట్లాడేస్తాడు. ఒక మెట్టు తేడా చాలు.

చప్పుడు గురించి: జంటల ముఖాల మధ్య దూరం తగ్గితే గొంతులు వాటంతటవే తగ్గుతాయి. ఆపడానికి మీరు అరవకండి, మీ అరుపు మీద వాళ్లూ అరుస్తారు. చెయ్యి ఎత్తి నిలబడండి; చూసినవాళ్లు మాట ఆపి తామూ చెయ్యి ఎత్తాలి. మొదటి రెండు పీరియడ్లు ఇది అలవాటు చేయడానికే కొంత పోతుంది. ముందుగా ముగించిన జంటలు గోల చేయకుండా బోర్డు మీద ఒక అదనపు పని రాసి ఉంచండి: "బ్యాగులో ఒక వస్తువు పోయింది, ఫిర్యాదు చెయ్యి."

ఇద్దరూ కార్డులు ఒకరికొకరు చూపించుకోవడం మాత్రం తప్పక జరుగుతుంది, మాట్లాడటం కన్నా చూపించడం తేలిక కాబట్టి. మధ్యలో నోటుబుక్కు నిలబెట్టించండి.

---

మార్కుల_పట్టీ:

మార్కుల ప్రశ్నకి నేను చెబుతాను. పదికి వేస్తే ఇలా పంచుకోవచ్చు: పని పూర్తయిందా 3, ప్రశ్నలు అడగడం, విని దానికి తగ్గట్టు బదులివ్వడం 3, వినేవాళ్లకి అర్థమయ్యేలా పలకడం 2, వ్యాకరణం, పదాలు 2. వ్యాకరణానికి రెండే ఏంటి అని సహోద్యోగులు అడుగుతారు. దానికి రాతపరీక్షలు చాలానే ఉన్నాయి. ఇక్కడా అయిదు పెడితే పిల్లలు తప్పు పోతుందన్న భయంతో పొడి మాటల్లోకి ముడుచుకుపోతారు.

41 మందిని ఒకే రోజు అంచనా వేయాలని చూడకండి. మామూలు విడతల్లోనే పీరియడ్‌కి మూడు జంటల దగ్గర ఒక్కో విడత పూర్తిగా నిలబడి వినండి. ఆరుగురు అవుతారు, వారానికి రెండు పీరియడ్లంటే 12 మంది, నాలుగు వారాల్లో అందరూ వచ్చేస్తారు. ఎవరిని వింటున్నారో ముందు చెప్పొద్దు. మార్కు ఎవరిది వారికే, జంటకి కలిపి కాదు. అవతలివాడు తడబడితే "డు యు మీన్...?" అని ఆదుకున్నవాడికి అది రెండో గడిలో కలిసి రావాలి.

రెండో నెలకి ఫోన్ సంభాషణలు మొదలుపెట్టండి. పరికరం ఏమీ అక్కర్లేదు, ఇద్దరూ వీపులు ఆనించి కూర్చోవాలి, అంతే. ముఖం కనపడదు, చేతులతో చూపించడం కుదరదు, తల ఊపితే అవతలివాడికి తెలియదు. "యెస్", "రైట్", "ఓకే, గో ఆన్" అని పలికి తీరాలి. కార్డులో ఒక పేరు, ఒక ఫోన్ నంబరు, ఒక టైము రాయించుకునే పని పెట్టండి. పేరు అక్షరం అక్షరం చెప్పించండి: జి–జె, బి–వి, ఎమ్–ఎన్ దగ్గర చిక్కుకుంటారు, "ఎమ్ ఫర్ మ్యాంగో" అనడం అక్కడ నేర్పాలి. నంబరు ఒక్క గుక్కలో చెప్పకుండా మూడేసి నాలుగేసి అంకెలుగా విడగొట్టించండి, విన్నవాడు తిరిగి చెప్పాలి. ఒకే అంకె వరుసగా రెండుసార్లు వస్తే "డబుల్", మూడుసార్లు వస్తే "ట్రిపుల్". విడత అయ్యాక రాసుకున్నది కార్డుతో పోల్చి చూసుకుంటారు. ఒక్క అంకె తేడా వచ్చినా పని కానట్టే, ఆ మూడు మార్కులూ ఎందుకు పోయాయో మీరు వివరించే అవసరం ఉండదు.

బెంచీలు బిగించి ఉన్నాయన్నారు కాబట్టి, దీనికి బేసి వరుస వెనక్కి తిరగకుండా ముందుకే కూర్చుంటే సరి. వెనక వరుసవాళ్లు వాళ్ల వీపు చూస్తూ మాట్లాడతారు, ముందువాళ్లకి ఎవరూ కనపడరు. నియమం ఒక్కటే: వెనక్కి తిరిగితే ఫోన్ పెట్టేసినట్టు.